గోడ పక్క ద్రాక్ష

ఆ ఉదయం అక్క అనుకున్నది ఒక్కటే. గోడ పక్క ద్రాక్ష వరసను పీకించేసి, మిగతా తోటకు బూజు తెగులు మందు కొట్టించాలి. ఆ వరసలో కాసేవి మిరియాలంత నల్లటి కాయలు, పంటితో కొరికితే చెవులు కూడా పులుస్తాయి. మిగతా తోట మాత్రం వైన్ ఫ్యాక్టరీకి పోతుంది. ఆ ఒక్క పంటే ఇంటికి ఏడాది తిండి.

గునపం అందుకోమనగానే తమ్ముడికి నడుం పట్టేసింది. ఆ పూట గడిచిపోతే చాలని ఒక గుత్తిని ఫోటో తీసి, "ఇదేం రకం?" అంటూ ద్రాక్ష పరిశోధన కార్యాలయానికి పంపాడు. జవాబు రాలేదు. అధికారే జీపులో దిగాడు. ఆకు వాసన చూశాడు, కాయ కొరికాడు. మొహం ముడుచుకుపోయింది గానీ కళ్లు మెరిశాయి.

"నా సర్వీసులో ఇలాంటి కాయ చూళ్లేదమ్మా. చాలా అరుదైన రకం. వైన్ కోసమే పుట్టినట్టుంది."

"పీకేద్దామనుకుంటున్నానండీ."

"ముట్టుకోకండి. ఈ రకం ఉన్న తోటలో కొమ్మ కొయ్యకూడదు, మందు కొట్టకూడదు. ఉత్తర్వు ఇస్తున్నాను."

"ఈ వరసకా, తోట మొత్తానికా?"

"మొత్తానికే. గాలికి మందు ఎగిరి ఇటు పడుతుంది కదా."

"బూజు కూడా గాలికే వస్తుందండీ. దానికీ ఒక ఉత్తర్వు ఇవ్వండి."

ఆయనకు చెవులున్నది కళ్లజోడు తగిలించుకోడానికే. పరీక్షకు నాలుగు ఆకులు తీసుకుని, గేటుకు నోటీసు అంటించి పోయాడు. గునపం పట్టని చేతికి సంతకం చేసే అధికారం ఇస్తే జరిగేది ఇదే.

మర్నాడు ఫ్యాక్టరీ నుంచి రుచి చూసే ఆయన వచ్చాడు. రసం పుక్కిలించి, నీళ్లు కారుతున్న కళ్లతో "గంభీరంగా ఉంది" అన్నాడు. అధికారి బాగుందన్నదాన్ని బాగులేదనడానికి ఆయనకేం పట్టింది? ఇక జనం ఎగబడ్డారు. తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. తోటలో ఆకుల మీద తెల్లటి మచ్చలు లేచాయి.

"నీ నడుం నొప్పికి నా తోట చచ్చేట్టుందిరా."

"పేరొస్తోంది కదక్కా."

"పొయ్యి మీద పెడితే ఉడుకుతుందా, నీ పేరు?"

అక్క తిన్నగా కార్యాలయానికి వెళ్లింది. పరీక్ష ఫలితం అప్పుడే వచ్చినట్టుంది, అధికారి గొంతు తగ్గింది.

"కొత్త రకం కాదమ్మా. అంటు కట్టడానికి కింద వాడే అడవి ద్రాక్ష. మీ వరసలో పైన కట్టిన అంటు చచ్చిపోయి, కింది మొదలే తీగైంది. దాన్ని ఎవరూ కాయనివ్వరు కదా, అందుకే ఆ కాయ మేమెవరం చూళ్లేదు."

"అయితే నోటీసు తీసెయ్యండి."

"ఎలా తీస్తాం? ఉత్తర్వు పైకి వెళ్లిపోయింది. కమిటీ కూర్చోవాలి."

"ఎప్పుడు?"

"పంట కోతలయ్యాక."

అక్క గొంతు ఒక్కసారిగా చల్లబడింది. "అన్ని తోటల్లోనూ కింద ఈ మొదలేనాండీ?"

"అన్నిట్లోనూ ఇదే. మా ఆఫీసు తోటలో కూడా..." అని గర్వంగా మొదలుపెట్టి ఆగిపోయాడు.

అప్పటికే అక్క వెనక వాకిలి దాటింది. అక్కడ ఆఫీసు తోటకు మందు కొడుతున్నారు. వెళ్లి గొట్టం పట్టుకుంది.

"ఆపండయ్యా. ఈ రకం ఉన్న తోటలో మందు కొట్టకూడదంట. మీ సారు ఉత్తర్వే."

పని ఆపమంటే ఎవరు కాదంటారు? ఆపేశారు. అక్క పంపు మీద కూర్చుంది. అధికారి పరుగున వచ్చాడు.

"లేమ్మా, మాట్లాడుకుందాం. మా ఆకులకీ మచ్చలొస్తున్నాయి."

"కోతలయ్యాక లేస్తానండీ."

సాయంత్రానికి అక్క తోటలో మందు పడింది. కోతలయ్యాక కూర్చోవాల్సిన కమిటీ ఆ మధ్యాహ్నం భోజనాలకు ముందే కూర్చుని, ఉత్తర్వు కొట్టేసి, భోజనాల వేళకు లేచిపోయింది.