మొదటి రౌండ్ బావ, మూడో అంతస్తు బీరువా

మెట్లు కట్టించేవాళ్ళూ బీరువాలు తయారుచేసేవాళ్ళూ ఒక్కసారైనా ఎదురుపడి మాట్లాడుకున్నట్టు ఎక్కడా దాఖలాలు లేవు. మాట్లాడుకుని ఉంటే రెండో అంతస్తు దాటాక వచ్చే మలుపు కాస్త వెడల్పుగా ఉండేది, ఈ కథ రాయాల్సిన అవసరం ఉండేది కాదు. మూడంతస్తులకి లిఫ్టెందుకని ఇంటి యజమాని అభిప్రాయం. ఆయన ఉండేది కింద.

మన కథానాయకుడు ప్రొఫెషనల్ స్నూకర్ ఆటగాడు. ఏటా పెద్ద ఛాంపియన్‌షిప్‌లో క్రమం తప్పకుండా పాల్గొంటాడు, క్రమం తప్పకుండా మొదటి రౌండ్‌లోనే ఇంటికొస్తాడు. తోటి ఆటగాళ్ళు ముద్దుగా ‘ఫస్ట్‌రౌండ్’ అని పిలుస్తారు. అలాగని మామూలుగా ఓడిపోయే మనిషి కాదు. ఒక ఏడాది గెలుపు ముంగిట చొక్కా గుండీ బంతికి తగిలితే, ఎవరూ చూడకపోయినా తనే ఫౌలని చెప్పేసి ఓడాడు. ఇంకో ఏడాది అతను దీర్ఘంగా ఆలోచిస్తుంటే ప్రత్యర్థి కుర్చీలో నిద్రపోయాడు. లేచి గెలిచాడు. ‘మరపురాని తొలి రౌండ్ మ్యాచ్‌లు’ అని టీవీలో వేస్తే సగంసేపు మనవాడే కనిపిస్తాడు, మూల కూర్చుని నీళ్ళు తాగుతూ.

ఇంత నిలకడ గల అల్లుడు దొరకడం ఏ కుటుంబానికైనా అదృష్టమే. అందుకే అత్తవారింట్లో పెద్ద పనులన్నీ మొదటి రౌండ్ మర్నాటికి పెట్టుకుంటారు. మామగారి కంటి ఆపరేషన్ అలాగే జరిగింది. ఈసారి బావమరిది ఆ లిఫ్టులేని ఇంటి మూడో అంతస్తుకి మారుతున్నాడు. లారీ మాట్లాడాడు. కూలీలను మాట్లాడలేదు, బావ ఉన్నాడు కదా.

"ఒకవేళ గెలిస్తే?" అన్నాడు ఫస్ట్‌రౌండ్ భోజనాల దగ్గర.

ఎవరూ నవ్వలేదు. అతనంటే వాళ్ళకున్న గౌరవం అలాంటిది.

"సరేగానీ బావా, బీరువా పైవైపు పట్టుకుంటావా, కిందివైపా?" అన్నాడు బావమరిది.

"పైవైపు ఇవ్వరా, ఆయనకి నడుంనొప్పి" అంది భార్య.

ఫస్ట్‌రౌండ్‌కి ఆ ఇంట్లో ఎవరికీ చెప్పని కోరిక ఒకటుంది. కప్పూ కాదు, డబ్బూ కాదు. రెండో రౌండ్ హాల్లో బల్ల మీద గుడ్డ ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలి. అదీ పచ్చగానే ఉంటుందని చూసొచ్చినవాళ్ళు చెప్పారు. అయినా తన కళ్ళతో చూడాలి.

మ్యాచ్ రోజు ఎదురైనవాడు గత ఏటి ఛాంపియన్. ఆట చివరిదాకా వచ్చింది. నల్లబంతి ఒక్కటే మిగిలింది. దాన్ని బల్ల మూల కన్నంలో పడగొట్టినవాడిదే మ్యాచ్. ఛాంపియన్ పడగొట్టాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఫస్ట్‌రౌండ్ అలవాటు ప్రకారం తన కర్రను పెట్టెలో సర్దేసి, అభినందించడానికి చెయ్యి చాచి బయల్దేరాడు.

"కూర్చోండి" అన్నాడు రిఫరీ.

"ఎందుకండీ?"

"కొట్టిన తెల్లబంతి ఇంకా ఆగలేదు."

"పర్లేదు లెండి. తొందరగా వెళ్ళాలి, రేపు బీరువా ఉంది."

"కూర్చోమన్నానా."

తెల్లబంతి నింపాదిగా దొర్లుకుంటూ అవతలి మూలకు చేరి, కన్నం అంచున కాసేపు ఆలోచించి, అదీ పడిపోయింది. తెల్లబంతి కూడా పడితే కొట్టినవాడికి పాయింట్లు రావు, ఎదుటివాడికి వస్తాయి. ఆ విధంగా ఫస్ట్‌రౌండ్ చాచిన చేత్తోనే గెలిచాడు. చప్పట్లు కొట్టినవాళ్ళు ఎవరి చేతులు వాళ్ళు జేబుల్లో పెట్టుకున్నారు.

ఇంటికొచ్చేసరికి మామగారు ఏటా ఇచ్చే ఉపన్యాసంతో సిద్ధంగా ఉన్నారు.

"అల్లుడుగారూ, ఆటన్నాక గెలుపోటములు సహజం. మనిషి కుంగిపోకూడదు."

"గెలిచాను మామయ్యగారూ."

ఆయన కొంచెంసేపు ఆలోచించారు. "అదే. దానికీ కుంగిపోకూడదు."

బావమరిది మొహం మాత్రం వాడిపోయింది. "నిన్నెంత నమ్ముకున్నాం బావా. ఇలా చేస్తానని ఒక్క మాట ముందే చెప్పుంటే కూలీల్ని మాట్లాడుకునేవాణ్ణి కదా."

"పోనీలేరా, రేపు ఆట మధ్యాహ్నం కదా" అని సర్దిచెప్పింది భార్య. "పొద్దున్నే పైన పెట్టేసి అట్నుంచటే వెళ్తారు. కోణాలు తెలిసిన మనిషి, ఆయనకెంతసేపు?"

కోణం ఫస్ట్‌రౌండే చెప్పాడు. ముందు గోడకు ఆనించి, తర్వాత మెట్ల పక్క కటకటాలకు తాకించి, అట్నుంచి మలుపు తిప్పాలని. బంతికైతే ఆ లెక్క అమోఘం. బీరువా గోడకీ కటకటాలకీ మధ్య దిగబడిపోయింది.

ప్రస్తుత పరిస్థితి ఇది. బీరువాకి కిందివైపు బావమరిది, లారీ, వీధి, వీధి చివర రెండో రౌండ్ ఉన్నాయి. పైవైపు ఖాళీ ఇల్లు, ఒంటి మీద నల్ల కోటు, మెడకు బో టై, చేతిలో కర్రపెట్టెతో మనవాడు ఉన్నాడు. టోర్నమెంటువాళ్ళు ఫోన్ చేసి, వేళకి రాకపోతే ఓడినట్టే రాసుకుంటామని మర్యాదగా తెలియజేశారు. ఆ మాట విన్నాక ఇంట్లోవాళ్ళ మొహాల్లో మళ్ళీ కళ వచ్చింది. మామగారు మెట్ల మీద నిలబడి, బీరువా సందులోంచి, కుంగిపోకూడదని చెబుతున్నారు. ఈసారి ఉపన్యాసం చక్కగా అతికింది.

అయ్యా, అమ్మా, మీలో ఇళ్ళు మారినవాళ్ళు బోలెడుమంది ఉంటారు. తలుపులు ఊడదీయమంటారా, నిలువునా లేపమంటారా, కటకటాలు కోయించమంటారా? మీకు పుణ్యముంటుంది, టైము లేదు, త్వరగా చెప్పండి. ‘ఎలాగూ రెండో రౌండ్‌లో ఓడేవాడేగా, తొందరేముంది’ అనిపించినవాళ్ళు మాత్రం శ్రమపడొద్దు. బీరువాకి కిందివైపు వచ్చి నిలబడండి. మనవాళ్ళంతా అక్కడే ఉన్నారు.