కదలని ప్లాటు

ఈ ఊళ్లో ఏ వస్తువు ఎంత బరువో తేల్చి చెప్పే అధికారం చట్టప్రకారం ఒక్కడికే ఉంది. ఆ ఒక్కడూ నేనే. తూనికలు, కొలతల శాఖలో అధికారిని. నేను ముద్ర వేస్తేనే కాటా కాటా అవుతుంది, వేయకపోతే అది ఉత్త ఇనుము. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఒక్క గ్రాము తేడాను కూడా క్షమించి ఎరగను. నా ఒంటిమీద అదనంగా ఉన్న అరవై కిలోల జోలికి మాత్రం పోలేదు. చట్టంలో దానికి సెక్షను లేదు.

చివరికి ఆ సెక్షనేదో మోకాళ్లే రాశాయి. మెట్లెక్కలేక, పై అంతస్తు దుకాణాల కాటాలన్నీ సక్రమంగా ఉన్నాయని కింద నిలబడే ధ్రువీకరించడం మొదలుపెట్టాను. అప్పుడు మా ఆవిడ నన్ను డాక్టరుగారి దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన నా పొట్ట కోసి, ముప్పావు వంతు తన దగ్గర ఉంచుకుని, పావు వంతు నాకు తిరిగి ఇచ్చారు.

సెలవు అర్జీలో "కుటుంబ కారణాలు" అని రాశాను.

"మీ పొట్ట కుటుంబ కారణం ఎలా అయింది?" అంది మా ఆవిడ.

"ఇన్నేళ్లూ కుటుంబమంతా కలిసేగా పెంచింది," అన్నాను.

ఆపరేషన్ అని రాయడానికి సిగ్గేసింది. గుండె కోయించుకున్నవాడు చొక్కా గుండీలు విప్పి మరీ గీత చూపిస్తాడు. పొట్ట కోయించుకున్నవాణ్ణి మాత్రం నోరు కట్టుకోలేక అడ్డదారి తొక్కాడంటారు. ఎవరంటారని అడక్కండి. పదేళ్ల కిందట ఇంకొకాయన గురించి నేనే అన్నాను.

ఆరు నెలల్లో నూట నలభై నుంచి తొంభై ఎనిమిదికి దిగాను. మా శాఖాధిపతిని మేమంతా పెద్దసారంటాం. ఆయనకూ టేబులుకూ మధ్య కాగితం పట్టేంత సందు కూడా ఉండదు. ఒకరోజు నన్ను ఎగాదిగా చూసి, "రహస్యమేంటయ్యా?" అన్నారు.

నిజం చెబుదామనే నోరు తెరిచాను. "సంకల్పం సార్," అని వచ్చింది.

"ఇంకా?"

"గోరువెచ్చటి నీళ్లు."

మర్నాటికల్లా ఆఫీసు వరండాలో నా ఫోటోతో ఒక బోర్డు వెలిసింది. కింద "సంకల్పమే పదునైన కత్తి" అని పెద్దసారు సొంతంగా కూర్చిన వాక్యం. ఆయనకు పాపం ఏమీ తెలియదు. అయినా అది చదివినప్పుడల్లా నా కుట్లు చురుక్కుమనేవి. ప్రతి సోమవారం ఉదయం సిబ్బంది అందరి ముందూ నేను పెద్ద కాటా ఎక్కాలని, ఆ అంకెను సుద్దముక్కతో బోర్డు కింద రాయాలని ఉత్తర్వు కూడా వెలువడింది.

బోర్డును అందరూ చూశారు. నమ్మింది ఒక్క టైపిస్టు అక్కయ్య. ఆవిడకూ ఒళ్లుంది, ఆవిడకూ మోకాళ్లున్నాయి. మధ్యాహ్నం నా డబ్బాలోకి తొంగి చూసి, "ఇంతేనా సార్ మీ భోజనం?" అని అడిగింది. ఆరు చెంచాలు. మర్నాడు ఆవిడ డబ్బాలోనూ ఆరు చెంచాలే. అది చూశాను. వద్దని చెప్పాల్సింది, చెప్పలేదు. చెప్పాలంటే మిగతాది కూడా చెప్పాలి కదా. ఈ ముక్క తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇంతలో నా బరువు ఆగిపోయింది. ఒక సోమవారం తొంభై ఎనిమిది. పై సోమవారం తొంభై ఎనిమిది. బెల్టు తీసి ఎక్కాను, జేబులు ఖాళీ చేసి ఎక్కాను, జుట్టు కత్తిరించుకుని ఎక్కాను. తొంభై ఎనిమిదే. సుద్దముక్క అరగడం మానేసింది. ఎన్నిసార్లు తూచినా ఒకే అంకె చూపించేదాన్ని మా శాఖలో ఉత్తమమైన కాటా అంటారు. మనిషి అలా చూపిస్తే ఏమంటారో తెలియక, తూకపు రాళ్లు దాచే గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసి, డాక్టరుగారికి ఫోన్ చేశాను.

"దీన్ని ప్లాటో అంటారు," అన్నారాయన. "ఈ ఆపరేషన్ అయిన వాళ్లలో చాలామందికి వస్తుంది. ఒళ్లు కొత్త బరువుకు సర్దుకుంటోంది, అంతే. ప్రొటీన్ తగ్గనివ్వకండి. నడకతో పాటు కాస్త బరువులు ఎత్తండి. కంటినిండా నిద్రపోండి. నోట్లోకి వెళ్లిందల్లా పుస్తకంలో రాయండి. మాటిమాటికీ తూచుకోకండి."

"ప్లాటో వచ్చింది సరే డాక్టరుగారూ, రెండు నెలలైంది, కదలదేం? ఇది బయటికి పొక్కకూడదు. మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలీదు."

సాయంత్రం ఇంటికెళ్లి మా ఆవిడతో, "నాకు ప్లాటో వచ్చిందట," అన్నాను.

ఆవిడ చేతిలో పని వదిలేసి వచ్చింది. "ఎన్ని గజాలు?"

"గజాలు రద్దయి చాలా ఏళ్లయింది. చదరపు మీటర్లు అనాలి. అయినా ఇది ఆ ప్లాటు కాదు."

విషయం విని మా ఆవిడ నవ్వి ఊరుకుంది. ఆఫీసు ఊరుకోలేదు. నేను ఫోన్ చేస్తున్నప్పుడు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మా అటెండరు గది బయట తలుపు తుడుస్తున్నాడు. అతనికి అందిన సమాచారం ఇది: సారుకు ప్లాటు వచ్చింది, ఎవరో డాక్టరు ఇప్పించాడు, బయటికి పొక్కకూడదు.

మూడుసార్లు గంట కొడితే గానీ రాని మంచినీళ్లు, ఆ మర్నాడు గంట కొట్టకముందే వచ్చాయి. ఊగే కుర్చీ పోయి ఊగని కుర్చీ వచ్చింది. ఇన్నాళ్లూ నేనెదురైతే ఫైల్లో తల దూర్చే తోటి అధికారి నా భుజం తట్టి, "మీరు ఉత్త చేతకానివారనుకున్నాను సార్, క్షమించాలి," అన్నాడు. నా బరువు ఆగిందని జాలిపడుతున్నారు కాబోలనుకుని కళ్లు చెమర్చాయి.

పెద్దసారు పిలిచి తలుపు వేయమన్నారు.

"విన్నానయ్యా. నాకొక్క మాట చెప్పొచ్చుగా?"

"సిగ్గేసింది సార్."

"ఇందులో సిగ్గేముంది? అందరూ చేసేదే. ఎక్కడ?"

"తొంభై ఎనిమిది కిలోల దగ్గర సార్."

"తొంభై ఎనిమిదో కిలోమీటరా? బాగా దూరమే. కదులుతోందా?"

"లేదు సార్. రెండు నెలల్నుంచీ అక్కడే ఉంది."

"ఇప్పుడు ఎవరిదీ కదలట్లేదు. ఓపిక పట్టు."

"డాక్టరుగారూ అదే అన్నారు సార్."

పెద్దసారు ముందుకు వంగబోయి, టేబులు అడ్డొచ్చి ఆగారు. "ఆ డాక్టరుతో చెప్పి నాకూ ఒకటి చూడు. మా ఆవిడ పేరు మీద."

ఆవిడను నేను చూశాను. గాలొస్తే గుమ్మం పట్టుకునేంత సన్నం. "ఆవిడకెందుకు సార్? నలభై ఐదు కిలోలుంటారేమో!"

"అందుకేనయ్యా. ఎవరికీ అనుమానం రాదు."

బయటికొచ్చి వరండాలో చాలాసేపు నిలబడ్డాను. అటెండరు వచ్చి, "మూల ప్లాటా సార్?" అని మెల్లగా అడిగాక గానీ బోధపడలేదు. వెనక్కి వెళ్లి నిజం చెప్పేద్దామనుకున్నాను. కానీ కుర్చీ ఊగడం లేదు, నీళ్లు చల్లగా ఉన్నాయి. ఒక అబద్ధం నన్ను సంకల్పవంతుణ్ణి చేసింది, రెండోది చేతనైనవాణ్ణి చేసింది. రెంటికీ నోరు మూసుకోవడం తప్ప నేను పడ్డ శ్రమేమీ లేదు.

పై సోమవారం అందరూ కాటా చుట్టూ చేరారు. నేను బూట్లు విప్పుతుండగా వెనకాల ధబ్బున చప్పుడైంది. టైపిస్టు అక్కయ్య కింద పడి ఉంది. నీళ్లు చల్లి కూర్చోబెట్టాం. పెదవులు తెల్లగా ఉన్నాయి.

"ఏం తిన్నారు పొద్దున?" అన్నాను.

"గోరువెచ్చటి నీళ్లు సార్. మీరు చెయ్యగలిగింది నేనెందుకు చెయ్యలేనని మొండిపట్టు పట్టాను. నాకే సంకల్పం లేదు."

ఆ మాట భరించలేకపోయాను. అంతమందిలోనూ చొక్కా పైకెత్తి కుట్ల మచ్చలు చూపించాను.

"నాకూ లేదు అక్కయ్యా. ఇదిగో నా సంకల్పం. పొట్టలో ముప్పావు వంతు కోసి తీసేశారు. ఆరు చెంచాలకే నాకు నిండుతుంది. మీకు పూర్తి పొట్ట ఉంది, మీరు పూర్తిగా తినాలి. మా డాక్టరుగారి దగ్గరికి నేనే తీసుకెళ్తాను. ఒళ్లెలా తగ్గించుకోవాలో ఆయన్ని అడుగుదాం. నన్ను చూసి నేర్చుకోకండి. నా బరువు కూడా ఆగిపోయింది. దాన్నే ప్లాటో అంటారు."

అందరూ నా పొట్టకేసే చూస్తున్నారు. నా ధైర్యానికి చలించిపోయారనుకున్నాను.

"అంటే," అన్నాడు అటెండరు, "స్థలం లేదా సార్?"

"లేదు."

సిబ్బంది మొహాలు వాడిపోయాయి. తోటి అధికారి నా భుజం మీంచి చెయ్యి తీసేశాడు. పెద్దసారు ఎర్రబడ్డారు. "ఇంతమందిని మోసం చేస్తావా? నీ మీద ఎంత గౌరవం పెంచుకున్నామయ్యా," అన్నారు. ఆయన గొంతులో నిజమైన బాధే ఉంది.

మధ్యాహ్నానికి మెమో వచ్చింది. "లేని స్థలము ఉన్నట్లు తోటి సిబ్బంది నమ్మునట్లు ప్రవర్తించి, శాఖ ప్రతిష్ఠకు భంగము కలిగించినందుకు మూడు దినములలో సంజాయిషీ ఇచ్చునది. విచారణ నిమిత్తము సదరు డాక్టరు ఫోన్ నంబరును, దవాఖానా చిరునామాను విధిగా జతపరచునది." ఆపరేషన్ దాచినందుకు ఒక్క ముక్క లేదు. నంబరు జతపరిచాను. బోర్డు దింపేశారు, ఊగే కుర్చీ తిరిగొచ్చింది.

డాక్టరు చెప్పినట్టు తిన్నదంతా రాశాను. దుకాణాల తనిఖీకి వెళ్లినప్పుడు మర్యాదకని పెట్టే బిస్కెట్లు రోజుకు పదకొండు తేలాయి. ఊరందరి తూకాలూ పట్టుకున్నవాణ్ణి, ఇవి ఎప్పుడూ తూచలేదు. అవి మానేసి, ఖాళీ సమయాల్లో తూకపు రాళ్లు ఎత్తడం మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి తొంభై ఆరున్నర. రాయడానికి బోర్డు లేదు, టైపిస్టు అక్కయ్యకు మాత్రం చెప్పాను. ఆవిడ నిండుగా ఉన్న డబ్బా మూత తీస్తూ, తనకూ రెండు కిలోలు తగ్గిందని చెప్పింది. ఇద్దరం హాయిగా నవ్వుకున్నాం.

ఆ నెలాఖరులో పెద్దసారు సెలవు పెట్టారు. కుటుంబ కారణాలు.

ఆరు నెలలు తిరిగేసరికి ఆయనకూ టేబులుకూ మధ్య ఫైళ్ల కట్ట పట్టేంత చోటు వచ్చింది. వరండాలో బోర్డు మళ్లీ వెలిసింది. వాక్యం అదే, ఫోటో ఆయనది. రహస్యమేంటని అందరూ అడిగితే సంకల్పమన్నారట, గోరువెచ్చటి నీళ్లన్నారట.

నిన్న నన్ను పిలిచి తలుపు వేయమన్నారు. గొంతు బాగా తగ్గించి, "ఏమయ్యా, ఐదు వారాలుగా కదలట్లేదు. నాకూ ప్లాటో వచ్చినట్టుంది," అన్నారు.

"సంతోషం సార్," అన్నాను. "ఎన్ని చదరపు మీటర్లు?"