నలభై ఐదు నిమిషాల మర్యాద

"ఇకమీదట మా ప్రభుత్వంలో ఏ సేవనూ గొంతు నులిమి ఆపం. మర్యాదగా ఆపుతాం!" అని మంత్రిగారు ప్రకటించగానే హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఏ సేవ, ఎందుకు ఆగుతోందని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అదీ ఆయన వాక్చాతుర్యం!

సంగతి తెలిసింది కంప్యూటర్ గదిలోని ఆపరేటరమ్మకే. పెద్ద సర్వరును రిపేరుకు ఆపేముందు లోపల నడిచే సర్వీసులన్నింటికీ 'ఆగు' అని చెప్పాలి. చేతిలో ఉన్న పని ముగించుకోవడానికి ఒక్కోదానికి కొంత గడువిస్తారు. గడువు దాటితే మెడపట్టి గెంటడమే. అన్నీ ఆగితే గానీ సర్వరు మళ్లీ లేవదు. ఆవిడ ఎవరి పనికెంత పడుతుందో చూసి, లెక్కగా రాసుకొచ్చింది. అంబులెన్సు సర్వీసుకు నలభై సెకన్లు, మంత్రిగారి శుభాకాంక్షల సందేశాలకు రెండు.

కార్యదర్శిగారు కాగితం చూసి కళ్లజోడు తీసేశారు.

"పనిని బట్టి గడువేంటమ్మా? హోదా అక్కర్లేదూ?"

"చిరునామా రాసుకుని బండి పంపడానికి నలభై సెకన్లు కావాలండీ. మధ్యలో తెగితే ఆ మనిషి గతేంటి?"

"అంబులెన్సుకి హెడ్డెవరు?"

"గుమాస్తాగారండీ."

"మరి మీటింగుకి రాలేదే?"

"ఫోన్లు ఎత్తుతున్నారండీ."

"చూశావా, ఆసక్తే లేదు. రెండు సెకన్లు చాలు."

మిగతా సర్వీసుల డైరెక్టర్లు మాత్రం అందరూ వచ్చారు. ఐదు నిమిషాలు దక్కినాయన, ఆరు దక్కినాయనతో మాట్లాడడం మానేశాడు. ఆగేముందు ఊరందరికీ ఒక్కో సందేశం వెళ్లాలని మంత్రిగారి శుభాకాంక్షలకు ఏకగ్రీవంగా నలభై ఐదు నిమిషాలు ఇచ్చారు. "పోనీ, అంబులెన్సుకి పది సెకన్లైనా ఇవ్వండి సార్" అని ఆపరేటరమ్మ గది గదికీ తిరిగింది. ఆఫీసంతా ఆమెకు 'సెకన్లమ్మ' అని పేరు పెట్టింది. పేరుకు ఆమె బాధపడలేదు. ఆ క్షణాన ఫోను పట్టుకుని ఉండే మనిషెవరో అన్నదే ఆమె దిగులు.

మర్యాదగా ఆపే పథకం ప్రారంభోత్సవం రోజు వేదిక మీద మంత్రిగారు, ఆయన ముందు సర్వరును ఆపే ఎర్ర బటను, పక్కన కంప్యూటరు ముందు సెకన్లమ్మ. ఫొటో కోసం డైరెక్టర్లంతా హోదా ప్రకారం వేదికెక్కారు. ఏడో ఆయన ఎక్కేసరికి చెక్క ఫెళ్లుమంది. మంత్రిగారి కాలు మోకాలిదాకా కిందకి దిగబడి, ఎముక చప్పుడు ముందు వరసకు వినిపించింది. కార్యదర్శిగారు గబగబా అంబులెన్సుకు ఫోన్ కలిపారు.

"చెప్పండి సార్, చిరునామా?" అన్నాడు గుమాస్తా.

కెమెరాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అంత నొప్పిలోనూ మంత్రిగారు కర్తవ్యం మరవలేదు. చిరునవ్వు నవ్వి బటను నొక్కారు.

"పెద్ద మైదానం, తూర్పు..." అని కార్యదర్శి అంటుండగానే రెండు సెకన్లూ అయిపోయి ఫోను తెగిపోయింది.

"మళ్లీ ఆన్ చెయ్యమ్మా!" అని అరిచారు కార్యదర్శి.

"అన్నీ ఆగితేనే లేస్తుందండీ. మిగతావి పని ముగించుకుని ఆగాయి. ఒక్కటింకా ఆగుతోంది" అంది సెకన్లమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా.

"ఏదది? గొంతు నులిమెయ్!" మంత్రిగారు గావుకేక పెట్టారు.

ఆయన జేబులో ఫోను టింగుమంది. కార్యదర్శి తీసి, అలవాటు కొద్దీ పైకి చదివారు.

"మీ ఆరోగ్యమే మా ఊపిరి. నిశ్చింతగా ఉండండి. ఇట్లు, మీ మంత్రి."

"ఇంకో నలభై నాలుగు నిమిషాలుందండీ" అంది సెకన్లమ్మ.