కళింగ కన్య నడుం కొలత

"ఇకమీదట మన ఆడబిడ్డ పొట్ట మీద ఒక్క బాణం కూడా పడనివ్వను!"

డిజిటల్ వీరత్వ శాఖ మంత్రి గణపతిరావుగారు విజయనగరంలో ప్రెస్‌మీట్ పెట్టి, బల్లగుద్ది ఈ మాట అన్నప్పుడు నేను రెండో వరసలోనే ఉన్నాను. నా ఒళ్లు పులకరించింది. ఈ విషయంలో ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ ఇంత స్పష్టమైన హామీ ఇవ్వలేదు.

"బాణాలు ఎవరు వేస్తున్నారండీ?" అని ఒక విలేకరి అడిగాడు. కుర్రతనం.

"గేములో," అన్నారు మంత్రిగారు ఓపిగ్గా.

రెండువేల పదిహేడులో మా జిల్లాకి ఒక వీడియో గేము మంజూరైంది. పక్క జిల్లాల వాళ్లు రోడ్లకీ వంతెనలకీ దేబిరిస్తున్న రోజుల్లో మాకు ఏకంగా గేమే వచ్చిందంటే అది మంత్రిగారి పలుకుబడి. పేరు 'కళింగ కన్య'. పూర్వకాలపు రాజ్యం, కోటలు, రాక్షసులు, మధ్యలో కత్తి పట్టుకున్న వీరవనిత. తయారుచేస్తున్నవాడు వెంకటసాయి అని, ఇంజనీరింగ్ చదివి అద్దెగదిలో కంప్యూటర్లు పెట్టుకున్న కుర్రాడు. అతను గీసిన మొదటి బొమ్మలో కన్యకి నెత్తిన కిరీటం, ఛాతీ మీద రెండు ఇత్తడి చిప్పలు, నడుముకి ఒక గొలుసు. మిగతా ఒంటికి కళింగదేశపు ఎండ. కాలేజీలో చరిత్ర చెప్పే అనూరాధ మేడమ్ "ఈ పిల్ల యుద్ధానికి వెళ్తోందా, ఈతకి వెళ్తోందా?" అని ఫేస్‌బుక్కులో అడిగింది. దాంతో ఊరంతా గగ్గోలు. ఆ గగ్గోలుకి జవాబే పైన చెప్పిన హామీ.

ఇందులో నాకేం పని అంటారేమో. మూడు లాంతర్ల జంక్షన్‌లో ఇత్తడి సామాన్ల కొట్టు మాది. బిందెలు, గంగాళాలు, గుడిగంటలు. గేము విడుదలనాడు స్టేజీ మీద నిజం కవచం ఒకటి చూపించాలని, దాన్ని నా చేతే చేయించాలని శాఖ నిర్ణయించింది. కాబట్టి మంత్రిగారి గురించి నేను చెప్పేదంతా నిష్పక్షపాతంగా ఉంటుందని మనవి.

ప్రెస్‌మీట్ ముగిసి మంత్రిగారు కారెక్కబోతుంటే హోంగార్డు అసిరమ్మ దారికి అడ్డం నిలబడింది. మా జంక్షన్‌లో ట్రాఫిక్ చూసే మనిషే. పొట్టిగా, సన్నగా ఉంటుంది. సాలూరు లారీని మాత్రం ఒంటిచేత్తో ఆపుతుంది.

"బాబూ, ఆ బొమ్మకి సేయిస్తన్న కవసం మాకూ ఒకటి సేయించండి," అంది. "మొన్న భావనపాడు గొడవల బందోబస్తుకి రాల్లు తగలకుండా మగోల్ల జాకెట్టు ఇచ్చినారు. మోకాల్ల దాకా వస్తాది. సెయ్యి లేపితే పక్కకి జారిపోతాది, మెడ కాడంతా కాలీ. రాయి సరిగ్గా అక్కడికే వచ్చీసింది. ఇదిగో సూడండి."

మెడ కింద మచ్చ చూపించింది. మంత్రిగారు చలించిపోయారు.

"అమ్మా, ముందు కళింగ కన్య సంగతి తేలనీ. ఆమె కవచం పరీక్షలో నెగ్గిందా, రెండో దశలో నీకే. ఇది నా మాట."

"గేములో పిల్ల సచ్చిపోతే మల్లీ లెగుస్తాదంట గదా బాబూ. నేను లెగను. ఇంటిల్లిపాదికీ నా డ్యూటీయే ఆదారం."

"నోట్ చేయండి," అన్నారు మంత్రిగారు. స్పెషల్ ఆఫీసర్ విజయ్‌కుమార్‌గారు నోట్ చేశారు.

మర్నాటికల్లా కవచ వాస్తవికతా కమిటీ ఏర్పడింది. అందులో మంత్రిగారు, విజయ్‌కుమార్‌గారు, కొందరు పార్టీ పెద్దలు, ఇత్తడి విషయాల సలహాదారుగా నేను. మహిళలకి సముచిత స్థానం ఉండాలని మంత్రిగారు తన కుడిపక్క కుర్చీని మహిళా ప్రతినిధికి కేటాయించి, దాని మీద శాలువా కప్పించి ఖాళీగా ఉంచారు. ఎవరైనా పొరపాటున అందులో కూర్చోబోతే కసిరేవారు. అనూరాధ మేడమ్‌ని పిలుద్దామని వెంకటసాయి అన్నాడు. ఫిర్యాదు చేసిన మనిషే వచ్చి కూర్చుంటే కమిటీ నిష్పాక్షికత ఏం కావాలి?

వెంకటసాయి పాత బొమ్మని తెర మీద వేశాడు. కమిటీ చాలాసేపు శ్రద్ధగా పరిశీలించింది. లోపాలు సరిగ్గా కనబడడం లేదని, ఇంకాస్త పెద్దది చేయమని ఒక పార్టీ పెద్ద కోరారు.

"కవచం అన్నాక కత్తి దెబ్బ పక్కకి జారిపోవాలి సార్," అన్నాడు వెంకటసాయి. "ఇలా రెండు చిప్పలు పెడితే దెబ్బ జారి సరిగ్గా మధ్యకే వస్తుంది, గుండెకాయ మీదికి. ఆడదాని కవచమైనా ముందుభాగం నున్నగా, ఒకటే పలకగా ఉండాలి. కొలత మాత్రం ఆమెదే అయ్యుండాలి."

"ఇంత తెలిసీ ఇలా ఎందుకు గీశావయ్యా?"

"పొట్ట కనబడితే డౌన్‌లోడ్లు వస్తాయి సార్."

"నిజాయితీ ఉన్న కుర్రాడు," అని మంత్రిగారు మెచ్చుకున్నారు.

కవచం మీద పైట ఉండాలా, పైట మీద కవచం ఉండాలా అన్న దగ్గర కమిటీ రెండుగా చీలింది. పైట కనబడకపోతే సంస్కృతి పోతుందని ఒక వర్గం. కనబడే పైట యుద్ధంలో చిరిగితే సంస్కృతి మరింత పోతుందని రెండో వర్గం. చివరికి ఇత్తడి మీదే పైట చెక్కించేటట్టు మంత్రిగారు రాజీ కుదిర్చారు. మంగళసూత్రం లోపలుండాలా బయటుండాలా అన్న చర్చ భోజనాల దాకా నడిచింది. భోజనాలయ్యాక, ఆమె కన్య కదా అని ఎవరికో గుర్తొచ్చింది.

ఇక మిగిలింది కొలత. నేను టేపు తీసి, ఎవరి కొలత తియ్యాలని అడిగాను.

"ఆడమనిషి కొలతలు కమిటీ తీసిందంటే రేపు పేపర్లో ఏమని వస్తుంది సార్?" అన్నారు విజయ్‌కుమార్‌గారు చెమట తుడుచుకుంటూ.

గుమ్మం దగ్గర కాపలా ఉన్న అసిరమ్మ తల లోపలికి పెట్టింది. "నా కొలతలు తీసుకోండి బాబూ. నాకేటి సిగ్గు? మా ఈదిలో లక్ష్మణమ్మని టైలరమ్మ ఉన్నాది. ఇప్పుడే ఎల్లి తీయించుకుని వచ్చీనా?"

"బయటి కొలతలు చెల్లవమ్మా," అన్నారు విజయ్‌కుమార్‌గారు. "కమిటీ సమక్షంలో తీసినవే అధికారిక కొలతలు. కమిటీ సమక్షంలో నీ కొలతలు తీయడం అసభ్యం."

"మరెలాగండీ?" అన్నాను టేపు పట్టుకునే.

అప్పుడు మంత్రిగారు లేచి నిలబడ్డారు. కండువా తీసి విజయ్‌కుమార్‌గారి చేతికిచ్చారు. రెండు చేతులూ బారచాపి నా వైపు తిరిగారు.

"ఆడబిడ్డల కోసం ప్రాణమైనా ఇస్తానని ఎన్నికల్లో చెప్పాను," అన్నారు. "నడుం ఎంత? తీసుకో శెట్టీ!"

చప్పట్లు మోగిపోయాయి. ఒకాయన కళ్లు ఒత్తుకున్నారు. నా టేపు మంత్రిగారి చుట్టూ తిరిగి రాలేకపోతే, మిగిలిన మేరకి నెల్లిమర్ల గోనె పురికొస కట్టి పని కానిచ్చాను. గుమ్మం దగ్గర నుంచి "అమ్మ బాబో" అని మాత్రం వినబడింది.

కవచం పూర్తయ్యేసరికి మా కొట్టు కళకళలాడింది. కొత్త గంగాళం అనుకుని ఒక పెళ్లివారు బేరం కూడా ఆడారు. వెంకటసాయి దాని ఫోటోలు తీసుకెళ్లి గేములో కన్యకి తొడిగాడు. కన్య అందులో గిలక్కాయలో గింజలా ఆడింది. కవచం మార్చడానికి వీల్లేదు, అది కమిటీ ఆమోదించినది. కాబట్టి అతను కన్యనే లావు చేశాడు. అప్పటినుంచి కన్య కోట మెట్లెక్కుతూ ఆయాసపడి మధ్యలో కూర్చునేది. రాక్షసుడు కూడా ఆగి చూసేవాడు.

"ఇది వాస్తవికత!" అన్నారు మంత్రిగారు ముచ్చటపడి. "మొహం కూడా ఎక్కడో చూసినట్టే ఉంది."

విడుదల సభ కాలేజీ గ్రౌండులో. సాలూరు నుంచి లారీల నిండా కుర్రాళ్లని తెచ్చారు. గేము ఆడుకోవడానికి తలా ఒక ఫోను ఇస్తామని పార్టీవాళ్లు చెప్పి ఎక్కించారట. స్టేజీ మీద కవచం తొడుక్కుని నడవడానికి అసిరమ్మని ఎంపిక చేశారు. ఆమె ముందు ఒప్పుకోలేదు. "ఇది నెగ్గితే మీకు మీ కొలతల్తో చేయిస్తాం" అని విజయ్‌కుమార్‌గారు మరోసారి మాటిచ్చాక తలూపింది.

అసిరమ్మ నడుస్తుంటే సభ నివ్వెరపోయింది. ఆమె ఎడమకి తిరిగినా కవచం ఇంకా ముందుకే చూస్తోంది. ఆమె ఆగాక కూడా అది కాస్త ముందుకి వెళ్లి ఆగింది. మెడ దగ్గర కళ్లు మాత్రం కనబడుతున్నాయి.

"ఊపిరాడుతోందా అమ్మా?" అన్నాను స్టేజీ పక్కనుంచి.

"ఆడతాది సావుకారు బాబూ. ఇందులో ఊరందరికీ ఆడతాది," అంది లోపల్నుంచి. గొంతు బావిలోంచి వచ్చినట్టుంది.

మంత్రిగారు మైకు అందుకుని ఇక ఆడబిడ్డలు నిర్భయంగా బతకవచ్చని ప్రకటించారు. తర్వాత కుర్రాళ్లకి కానుకలు పంచారు. కన్య బొమ్మ ఉన్న స్టిక్కర్లు.

"ఫోనేదిరా?" అని వెనకనుంచి ఎవడో కేక పెట్టాడు. మొదట ఒక వాటర్ ప్యాకెట్ వచ్చి పడింది. తర్వాత చెప్పులు. గ్రౌండు చదును చేయించమని కాలేజీవాళ్లు ఎన్నాళ్లనుంచో అడుగుతున్నారు, చేయించలేదు. అందువల్ల రాళ్లకి కొరత లేదు.

"కవచం! కవచం!" అన్నారు మంత్రిగారు.

కవచంలో ఉన్న అసిరమ్మకే ఏదో చెబుతున్నారనుకున్నాను. విజయ్‌కుమార్‌గారు చటుక్కున అసిరమ్మ మీంచి కవచం ఎత్తేశారు. పట్టీలు విప్పే పని కూడా లేదు. అది మంత్రిగారి మీదికి దిగి, భుజాల దగ్గర, నడుం దగ్గర, ఎక్కడికక్కడ అతికినట్టు సరిపోయింది. పైట కూడా చక్కగా కుదిరింది. నా పనితనం చూసి నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా ఎనకే రండి బాబూ, తల దించండి!" అంటూ అసిరమ్మ లాఠీ అడ్డం పెట్టి ముందు నిలబడింది. ఒంటి మీద ఖాకీ చొక్కా. ఖంగు ఖంగుమని కవచానికి రాళ్లు తగిలాయి. ఒకటి మాత్రం చప్పుడు చెయ్యలేదు. అది అసిరమ్మ కనుబొమ మీద తగిలింది. ఆమె కిందపడలేదు. రక్తం తుడుచుకుని, మంత్రిగారిని కారు దాకా తీసుకెళ్లి, ఎక్కించి, అప్పుడు కూలబడింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఆనందం వల్లనే అనుకుంటాను.

మర్నాడు మంత్రిగారు మళ్లీ ప్రెస్‌మీట్ పెట్టారు. "కవచం పరీక్షలో నెగ్గింది. ఒక్క సొట్ట పడలేదు. నా ప్రాణాలకి తెగించి స్వయంగా పరీక్షించాను. అన్నమాట ప్రకారం జిల్లాలోని మహిళా హోంగార్డులందరికీ ఇదే కవచం!"

"ఇదే కొలతలోనా అండీ?" అన్నాడు అదే విలేకరి.

"పరీక్షలో నెగ్గింది ఈ కొలతే కదయ్యా!"

ఆర్డరు నాకే వచ్చింది. మొదటి కవచం అసిరమ్మకి. కట్టు కట్టిన తలతో వచ్చి, పక్కకి తిరిగి, ఇటు నుంచీ అటు నుంచీ దాన్ని చూసింది. లక్ష్మణమ్మ చేత కొలతలు తీయించుకొచ్చానంది.

"కుదించీలేరా సావుకారు బాబూ? నా ప్రానం మీ సేతిలో ఉన్నాది."

"ఆమోదించిన నమూనా మారిస్తే బిల్లు పాసవదమ్మా," అన్నాను. మనసు చివుక్కుమంది. అయినా వ్యాపారం వ్యాపారమే.

ఆమె కవచం లోపలికి తొంగి చూసింది. "మా ఆడపడుసూ నేనూ ఇద్దరం పడతాం గదా ఇందులో. జీతం ఒకలికిస్తారేటి, ఇద్దరికిస్తారేటి?" అని, ఆటోలో వేసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే మూడు లాంతర్ల దగ్గర డ్యూటీకి కవచం వచ్చింది. డ్యూటీలో ధరించడం తప్పనిసరి అని ఉత్తర్వు. వేసుకుంటే చెయ్యి లేవదు, చెయ్యి లేవకపోతే లారీలు ఆగవు. అసిరమ్మ దాన్ని జంక్షన్ మధ్యలో నిలబెట్టి, పైన తన టోపీ పెట్టి, తాను పక్కన నిలబడి చేతులూపుతోంది. ఖాకీ చొక్కాలోనే.

అంతలో మంత్రిగారి కాన్వాయ్ వచ్చి ఆగింది. వెనకే ఫోటోగ్రాఫర్లు. మంత్రిగారు దిగి నేరుగా కవచం దగ్గరికి వెళ్లారు.

"ఎలా ఉందమ్మా? సౌకర్యంగా ఉందా?"

కవచం ఏమీ అనలేదు.

"చూశారా విజయ్‌కుమార్! మంత్రి వచ్చి పలకరించినా డ్యూటీ నుంచి చలించలేదు. క్రమశిక్షణ అంటే ఇది. అవార్డుకి నోట్ చేయండి."

విజయ్‌కుమార్‌గారు కవచాన్ని చూశారు, అసిరమ్మని చూశారు, నోట్ చేశారు. మంత్రిగారు దాని భుజం మీద చెయ్యి వేసి కెమెరా వైపు నవ్వారు. ఒక ఫోటోగ్రాఫర్ చెయ్యి ఊపాడు.

"ఓ అమ్మా, నువ్వు కొంచెం పక్కకి జరుగు. ఫోటోకి అడ్డొస్తున్నావ్."

"జరిగితే లారీ వచ్చీస్తాది బాబూ," అంది అసిరమ్మ, అయినా జరిగింది.

మర్నాడు పేపర్లో మొదటి పేజీలో వచ్చింది. 'మహిళా హోంగార్డుతో ముచ్చటిస్తున్న మంత్రి' అని కింద రాశారు. మా పనితనం స్పష్టంగా కనబడుతోంది కాబట్టి నేను దాన్ని ఫ్రేము కట్టించి కొట్టులో పెట్టాను. ఫోటో కుడి అంచున, సగం తెగి, ఒక ఖాకీ చెయ్యి ఉంది. అది సాలూరు లారీని ఆపుతోంది.