కువైట్ పచ్చడి తూకం

ఆ ఉదయం అల్లాబక్షు వేసుకున్న పథకం చిన్నదే. ఆరింటికి సరుకులు తూచాలి. ఏడింటికి కలపాలి. కూతురు ఆఫ్రీన్ భవానీపురం నుంచి వచ్చి ఉయ్యూరులో బస్సు దిగేసరికి వంటిల్లు కడిగేసి ఉండాలి. మధ్యాహ్నం నమాజు అయ్యాక మసీదు పేష్ ఇమాం గారు వచ్చి, భార్య జహీదా పేరున నలభయ్యో రోజు ఫాతిహా చదువుతారు. ఆ వేళకి, పోయిన మనిషి ఇష్టంగా తిన్నది పళ్ళెంలో ఉండాలి.

భార్యకి ఏది ఇష్టమో అల్లాబక్షుకి తెలియదు. ముప్పై ఒక్కేళ్ళు ఆమె వండింది, అతను తిన్నాడు. బాగుందనో, ఉప్పు తగ్గిందనో అన్నాడు. నీకేది ఇష్టమని మాత్రం ఒక్కసారీ అడగలేదు. వారం రోజులు ఆలోచిస్తే ఒకటే గుర్తొచ్చింది. షుగరు ముదిరిన చివరి మూడు నెలలూ ఆమె రోజూ రెండు చెంచాలు తిన్నది, తన తమ్ముడు ముస్తాక్ కువైట్ నుంచి పంపిన డబ్బాల్లోది. డబ్బా మీద ఇంగ్లీషులో హమ్మస్ అనీ, కింద ఎర్ర మిరప రుచి అనీ ఉండేది. నిమ్మకాయ రుచి, వెల్లుల్లి రుచి డబ్బాలు కూడా వచ్చాయి. అరబ్బులు రొట్టెలో నంజుకునే ఆ ముద్ద వీధిలో అందరికీ కువైట్ పచ్చడి.

ఆ డబ్బాలన్నీ అయిపోయాయి. ముస్తాక్ ఎడారిలో ఎక్కడో పనిమీద ఉన్నాడు, ఫోనుకి దొరకలేదు. మిగిలింది జహీదా చెంచాలు వేసుకున్న ఖాళీ డబ్బా ఒక్కటి. లోపల ఏమేం వేశారో దానిమీద అరబ్బీలో ఉంది. అల్లాబక్షు అరబ్బీ అక్షరాలు చదవగలడు గానీ అర్థం తెలియదు. పక్కనే ఇంగ్లీషులో చిన్న పట్టిక కనిపించగానే అతనికి ప్రాణం లేచొచ్చింది. వంద గ్రాములకి ప్రోటీను ఆరు, కొవ్వు పదకొండు, పిండిపదార్థం పద్నాలుగు, పీచు ఐదు, చిటికెడు సోడియం.

అల్లాబక్షు చక్కెర ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు చెరకు కాటా గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. అక్కడ చెరకంటే పంచదార ఇంత, పిప్పి ఇంత, మిగతాది నీళ్ళు. పట్టికలోవి కూడితే ముప్పై ఆరయ్యాయి. మిగిలిన అరవై నాలుగూ నీళ్ళేనన్నమాట. విడగొట్టినదాన్ని తిరిగి కలిపితే మొదటిదే వస్తుందని అతని నమ్మకం. ఒకసారి ఆ పచ్చడి వేలితో నాకి చూసినప్పుడు శనగల వాసన వచ్చిన మాట నిజమే. కానీ పట్టికలో శనగలు లేవు.

ముందురోజు సాయంత్రం మందుల షాపు బసవపున్నయ్య అతని చీటీ చూసి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ప్రోటీను పొడి చాక్లెట్ వాసనదే ఉందండి."

"అదే ఇవ్వండి. ఇందులో శక్తి నూట ఎనభై అని ఉంది. దానికి తూకం ఇవ్వలేదు, ఏం చెయ్యాలి?"

"శక్తంటే గ్లూకోజేనండి. పీచంటే ఇసబ్‌గోలు పొట్టు. ఎంతిమ్మంటారు?"

"లెక్కకి రెండు వందల గ్రాములు. చాలకపోతే కష్టం, అన్నీ నాలుగింతలు కట్టండి."

బసవపున్నయ్య చేతిలోని చీటీ కింద పెట్టాడు. ఆ పొట్టు మలబద్ధకానికి రోజుకో చెంచా చొప్పున అమ్మేవాడు ఆయన. గొంతు తగ్గించి అడిగాడు.

"ఎన్నాళ్ళయిందండీ?"

"రేపటికి నలభై రోజులు," అన్నాడు అల్లాబక్షు.

బసవపున్నయ్యకి కళ్ళు చెమర్చాయి. వెంటనే పొట్లం కట్టి ఇచ్చాడు.

పొద్దున్నే పని మొదలైంది. నలభై మందికి నాలుగు కిలోలు. పిండిపదార్థం కింద పంచదార, కొవ్వు కింద డాల్డా, సోడియం కింద ఉప్పు, రుచికి ఎర్ర మిరపకాయల ముద్ద. అన్నీ తూచి, రెండున్నర లీటర్ల నీళ్ళు పోసి కలిపాడు. పది నిమిషాల్లో అది బిగుసుకుంది. చేపల బుట్టతో వెళుతున్న పక్కింటి కొండలమ్మ గుమ్మంలో ఆగిపోయింది.

"ఏంటన్నయ్యగారూ అది? గరిటె వదిలేసినా పడట్లేదు!"

"గట్టిపడిందమ్మా. నీళ్ళు చాల్లేదు."

"పొయ్యండి మరి."

"ఊరికే పోస్తే లెక్క తప్పుతుంది. నీళ్ళు పెంచితే అన్నీ పెంచాలి."

అన్నీ పెంచాడు. పొట్టూ పెరిగింది. మళ్ళీ బిగుసుకుంది. ఏడింటికి రెండో గిన్నె నిండింది. ఎనిమిదింటికి బిర్యానీ దేగిసా నిండి, కొత్త ప్లాస్టిక్ బకెట్టు కడగవలసి వచ్చింది.

"ఆ పొట్టు మానేస్తే పోలా?" అంది కొండలమ్మ. ఆమెకి లెక్కలు రావు.

"ఐదు పాళ్ళని రాసుందమ్మా."

ఈలోగా ఫ్యాక్టరీలో కలిసి పనిచేసిన సొలొమోను బొప్పాయి పండు తెచ్చాడు. "సిగ్గుపడకండి గురువుగారూ, పరగడుపున తినండి," అని చెయ్యి నొక్కి వెళ్ళాడు. తర్వాత పేష్ ఇమాం గారింటి నుంచి రెండు అత్తాల అరటిపళ్ళు, నీళ్ళు బాగా తాగమన్న కబురూ వచ్చాయి. జహీదా అంటే ఊళ్ళో ఇంత అభిమానం ఉందా అనుకుని అల్లాబక్షు పళ్ళన్నీ పళ్ళెంలో సర్దాడు.

కొండలమ్మ బకెట్లోది కొంచెం నాలిక్కి రాసుకుంది. చెంగుతో తుడుచుకుంది.

"తియ్యగా ఉంది. మంటగా ఉంది. చాక్లెట్టు బిళ్ళలాగా ఉంది. జహీదమ్మ ఇది తినేదా?"

"రోజూ."

"ఎంత ఓర్పండీ ఆవిడకి!"

ఆఫ్రీన్ వచ్చేసరికి నాలుగు పాత్రల నిండా ముదురు గోధుమరంగు ముద్ద, మధ్యలో చేతులు మోచేతులదాకా పూసుకుని తండ్రి. ఆమె నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగింది.

"ఏంటబ్బా ఇదంతా?"

"మీ అమ్మీకి ఇష్టమైంది. కువైట్ పచ్చడి. పట్టిక ప్రకారమే కలిపాను, కుదరట్లేదు. ఇంకో గంటలో ఇమాం గారొచ్చేస్తారు. దానికి ఇష్టమైంది ఒక్కటైనా పెట్టకపోతే ఎలాగమ్మా?"

ఆఫ్రీన్ బియ్యం డబ్బా వెనక చెయ్యి పెట్టి ఒక నోటుపుస్తకం తీసింది.

"అమ్మీకి అది ఇష్టమని ఎవరు చెప్పారు? తిన్న ప్రతిదానికీ ఎన్ని కేలరీలో రాయమంది నేను చూపించిన విజయవాడ డాక్టరమ్మ. అన్నానికి లెక్క తనే ఇచ్చి, నంజుకునేవాటిలో రాయలేనిది తినొద్దంది. మనింట్లో అంకెలు రాసున్న పచ్చడి ఆ డబ్బా ఒక్కటేగా అబ్బా."

అల్లాబక్షు చేతులు తుడుచుకుని పుస్తకం అందుకున్నాడు. నాలుగో తరగతిదాకా చదివిన జహీదా అక్షరాలు. ప్రతి పేజీలోనూ అన్నం లెక్క కింద ఒకటే రాత.

"కువైట్ పచ్చడి రెండు చెంచాలు. 54. గోంగూర పచ్చడి. ఎంతో తెలీదు. తినలేదు."

మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. ఒకచోట కువైట్ పచ్చడి పక్కన "సున్నంలా ఉంది" అని రాసి, ముస్తాక్ చూస్తాడనుకుందో ఏమో, కొట్టేసింది. రాత ఆగిపోయిన చివరి పేజీలో గోంగూర దగ్గర ఇంకో మాట ఉంది.

"ఆయన్ని అడగాలి. అన్నీ తూసే మనిషి. ఆయనకి తెలుస్తుంది."

అల్లాబక్షు పీట మీద కూర్చున్నాడు. బకెట్లో గరిటె నిటారుగా నిలబడే ఉంది.

"అడగలేదమ్మా," అన్నాడు. "నేనూ అడగలేదు."

కొండలమ్మ గబగబా వెళ్ళి, తన ఇంటి నుంచి గోంగూర జాడీ తెచ్చింది. ఆఫ్రీన్ పొయ్యి మీద అన్నం పెట్టింది. మధ్యాహ్నం ఫాతిహా గోంగూర పచ్చడి మీదే జరిగింది. పోతూ పోతూ పేష్ ఇమాం గారు, ఇప్పుడు ఎలా ఉందని చెవిలో అడిగారు. ఫరవాలేదన్నాడు అల్లాబక్షు. బకెట్టు పెరట్లో పెడితే వీధి గేదె వాసన చూసి పక్కకి జరిగింది.

అందరూ వెళ్ళాక అతను పుస్తకం తెరిచి, ఆమె చివరి మాట కింద, కాటా చీటీల మీద రాసే గుండ్రటి దస్తూరీతో రాశాడు.

"గోంగూర పచ్చడి. సున్నా. తినొచ్చు."

ముప్పై ఏళ్ళు కాటా దగ్గర కూర్చున్న అల్లాబక్షు రాసిన దొంగ తూకం అదొక్కటే.