టర్కీ మూలం, కుటుంబం ఒకటి

మంగళవారం పొద్దున హబీబుల్లా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండ ముదరకముందే వార్డు సచివాలయానికి వెళ్ళి కూతురి కుల సర్టిఫికెట్ పని చూసుకోవాలి, పది గంటలకల్లా తిరిగొచ్చి షాపు తెరవాలి. నరసరావుపేటలో వినుకొండ రోడ్డు పక్కన అతనిది మోటారు సైకిళ్ళు బాగుచేసే షాపు. ముందురోజు విప్పిన ఇంజను ఒకటి గోనెపట్టా మీద పరిచి ఉంది. దాని యజమాని పదకొండింటికి వస్తానని చెప్పిపోయాడు.

కూతురు మెహ్జబీన్‌కు ఎంట్రన్సులో మంచి ర్యాంకే వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఐదులోగా కాగితాలన్నీ కంప్యూటర్లో ఎక్కించాలి. పాత సర్టిఫికెట్‌లో తండ్రి పేరు 'అబీబుల్లు' అని పడింది కాబట్టి అది పనికిరాదన్నారు. వెనకబడిన ముస్లిం వర్గాల కోటా బీసీ-ఈ అని రాసి ఉన్న కొత్త కాగితం ఒక్కటి ఉంటే గుంటూరులో ఫార్మసీ సీటు వచ్చినట్టే. లేకపోతే ఆ ర్యాంకుకు ఆ సీటు అందదు. ఇంట్లో నాలుగు రోజులుగా వేరే మాట లేదు.

హబీబుల్లా చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉండగా ఎదురింటి రామబ్రహ్మం పేపరు ఊపుకుంటూ వచ్చాడు. ఆయన మిర్చి వ్యాపారి, ముప్పై ఎకరాల ఆసామి. పొద్దున కాఫీ ఇంట్లో తాగినా పేపరు మాత్రం హబీబుల్లా గుమ్మంలోనే చదువుతాడు.

"ఒరేయ్ హబీబూ, మీ జాతి పేపర్లో పడిందిరా!"

"ఏ జాతి బాబాయ్?"

"టర్కీ జాతి."

రామబ్రహ్మం గొంతు సవరించుకొని పెద్దగా చదివాడు. పల్నాడులో ప్రజల పూర్వీకులు ఎక్కడి నుంచి వచ్చారో కనుక్కొని, ఏ మూలం వాళ్ళు ఎట్లా బతుకుతున్నారో పోల్చిచూస్తూ ఒక సంస్థ పుస్తకం వేసిందట. అందులో టర్కీ సంతతి వారి పరిస్థితి అన్నింటికన్నా దయనీయంగా ఉందట. వారిలో నూటికి నూరు శాతం కుటుంబాలకు సొంత ఇల్లు లేదు. మగవారిలో నూటికి నూరు శాతం పదో తరగతి తప్పారు. పెళ్ళైన ఆడవారిలో నూటికి నూరు శాతం కుట్టుపని చేసి సంసారం ఈడుస్తున్నారు. వార్త కింద, షాపు ముందు నిలబడ్డ హబీబుల్లా ఫోటో.

"ఇంకా ఉందిరా. 'ఈ జాతి మగవారిలో నూటికి నూరు శాతం రోజుకు కట్ట బీడీలు కాలుస్తున్నారు.'"

లోపల కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది.

రెండేళ్ళ కిందట హబీబుల్లా కూతురి నెత్తిన చెయ్యి పెట్టి బీడీలు మానేస్తున్నానని భార్య జీనత్‌కు మాటిచ్చాడు. జీనత్ వాకిట్లోకి వచ్చి, పేపరు తీసుకొని, ఆ వాక్యం తానే ఒకసారి చదువుకుంది. మొగుడి వంక చూసింది. ఏమీ అనకుండా లోపలికి పోయింది. తిట్టి ఉంటే హబీబుల్లాకు ఎంతో హాయిగా ఉండేది.

"ఆ పుస్తకంలో మేము కూడా ఉన్నాంలే," అన్నాడు రామబ్రహ్మం పేపరు మడుస్తూ. "పల్నాటి వీరుల సంతతి. నూటికి నూరు శాతం భూమి ఉన్నోళ్ళమంట. సగటున ముప్పై ఎకరాలు."

అంతా నాలుగు నెలల కిందటి సంగతి. ఆ సంస్థ తరఫున అఖిల్ అనే కుర్రాడు ప్రశ్నల కాగితాలు పట్టుకొని షాపుకు వచ్చాడు. స్టూలు మీద రామబ్రహ్మం ఉన్నాడు. పూర్వీకుల ప్రశ్న రాగానే తమది పల్నాటి యుద్ధంలో కత్తి పట్టిన వంశమని, ఆ కత్తి మొన్నమొన్నటిదాకా అటక మీద ఉండేదని అరగంట చెప్పాడు. బండి కింద పడుకొని నట్టు బిగిస్తున్న హబీబుల్లాకు ఒళ్ళు మండింది. తన వంతు రాగానే "టర్కీ" అన్నాడు. వాళ్ళ తాతది ఈ పల్నాడులోనే ఉన్న రెంటచింతల. టర్కీ ఎటువైపు ఉందో హబీబుల్లాకు ఇప్పటికీ తెలియదు. మిగిలిన ప్రశ్నలన్నింటికీ మాత్రం నిజమే చెప్పాడు. బీడీల దగ్గర ఇంట్లో తెలియనివ్వొద్దని కూడా అడిగాడు. "పేర్లు రాయం సార్, జాతి మొత్తం మీద శాతాలే వేస్తాం," అని అఖిల్ ధైర్యం చెప్పి, షాపు ముందు నిలబెట్టి ఒక ఫోటో తీసుకొని పోయాడు. ఆ జాతిలో మొత్తం ఒక్క కుటుంబమే ఉంటుందని అప్పుడు ఇద్దరికీ తోచలేదు.

సచివాలయంలో ఉష అనే ఉద్యోగిని దరఖాస్తు తీసుకుంది, పేరు చూసింది, తలెత్తి ముఖం చూసింది, బల్ల మీదున్న పేపరు చూసింది.

"బాబాయ్ గారూ, మీరు టర్కీ అంటగా?"

"కాదమ్మా. ఏదో నోరు జారా."

"నాకూ నమ్మాలనే ఉంది. కానీ నా దగ్గరున్న బీసీ-ఈ లిస్టులో టర్కీ లేదు. ఇంత ఫోటో వేసి పేపర్లో రాసినాక నేను సంతకం పెడితే, రేపు ఎవడో ఒకడు నా మీద అర్జీ పెడతాడు. ఆ పుస్తకం వేసినోళ్ళ దగ్గర్నుంచి తప్పు పడిందని లెటర్ తెండి, అరగంటలో చేసిస్తా."

పదకొండింటికి ఇంజను యజమాని షాపు ముందు నిలబడి ఫోన్లు చేస్తున్నాడు. హబీబుల్లా అప్పటికి ఆ సంస్థ ఆఫీసు మెట్లెక్కుతున్నాడు. అఖిల్ ఆప్యాయంగా కుర్చీ వేశాడు. మొత్తం విని తల అడ్డంగా ఊపాడు.

"ఒక్క మనిషి వచ్చి నేను ఆ జాతి కాదంటే తీసెయ్యడానికి ఉండదు సార్. ఆ జాతి పెద్దలు చెప్పాలి. మీ సంఘం అధ్యక్షుడి లెటర్ హెడ్ మీద, స్టాంపు వేసి తెండి. హబీబుల్లా అనే ఆయన మా వాడు కాడని."

"జాతి మొత్తం నేనేగా బాబూ!"

"అయితే మీకు ఇంకా తేలిక కదా సార్."

ఇంతకన్నా తేలికైన దారి ఉందేమోనని హబీబుల్లా గంటసేపు ఆ మెట్ల మీదే కూర్చొని ఆలోచించాడు. ఏదీ తట్టలేదు. బుధవారం పొద్దున జిరాక్సు షాపులో లెటర్ హెడ్ కొట్టించాడు: పల్నాడు టర్కీ మూలాల సంక్షేమ సంఘం, నరసరావుపేట. రబ్బరు స్టాంపు చేయించాడు. "శ్రీ హబీబుల్లా మా జాతికి చెందినవాడు కాదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది" అని రాయించి, కింద అధ్యక్షుడు అన్నచోట హబీబుల్లా అని సంతకం చేశాడు.

అఖిల్ సంస్థ ఆ ఉత్తరం తీసుకొని, పరిశీలిస్తామని రసీదు ఇచ్చి, ఒక కాపీ సచివాలయానికి పంపింది. మధ్యాహ్నం ఉష నుంచి ఫోను వచ్చింది.

"ఏంది బాబాయ్ గారూ ఇది? నిన్నేమో టర్కీ కాదన్నారు. ఇయ్యాల ఏకంగా సంఘం పెట్టి అధ్యక్షుడైపోయారు! సంఘం ఉందంటే జాతి ఉన్నట్టేగా?"

"ఆ జాతి కాదని చెప్పటానికే పెట్టానమ్మా!"

"అదే కదా నాకు అర్థం కాట్లా. కాని జాతికి అధ్యక్షుడు ఎట్టా అయ్యారు?"

సాయంత్రానికి కబురు బజారంతా పాకింది. షాపు ముందు ముగ్గురు నిలబడ్డారు. ఒకడికి సభ్యత్వం కావాలి, ఇంకొకడికి టర్కీ వీసా కావాలి. మూడోవాడు ఇంజను యజమాని. అతనికి ఏ సంతతీ అక్కర్లేదు, బండి కావాలి. ఇంజను ముక్కలన్నీ సంచిలో వేసుకొని, "మీ జాతి మొత్తం ఇంతేనేమో," అని వేరే షాపుకు పోయాడు. నిజానికి ఆ మాటలో గణాంకాల పరంగా తప్పేమీ లేదు.

గురువారం హబీబుల్లా షాపు తెరవలేదు. వసారాలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. జీనత్ అన్నం కంచం తెచ్చి పక్కన పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయింది. మెహ్జబీన్ వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంది.

"పోనీలే నాన్నా. ఇక్కడే డిగ్రీ చదువుతాలే."

ఆ పిల్ల గొంతులో కోపం వెతికాడు హబీబుల్లా. లేదు. అది లేకపోవడమే అతన్ని కుంగదీసింది. తన తాత కూలికి పోయాడు, తండ్రి పంక్చర్లు వేశాడు, తను పదో తరగతి తప్పాడు. ఇన్ని తరాలకు ఒకరు గడప దాటబోతుంటే, స్టూలు మీద కూర్చున్న మనిషితో పోటీపడి ఒక్క మాట అన్నందుకు ఆ గడప తనే మూసేశాడు. దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

ఏడు గంటలప్పుడు రామబ్రహ్మం వచ్చాడు. ఈసారి చేతిలో పేపరు లేదు.

"ఏందిరా, ఆడంగిలాగా దుప్పటి కప్పుకున్నావ్? ఏంది ఇప్పుడు కావాల్సింది?"

మెహ్జబీనే చెప్పింది. ఉష చివరికి ఒక దారి చూపించింది. తాతను స్వయంగా ఎరిగిన పెద్దమనిషి ఎవరైనా, ఆయన రెంటచింతల నుంచి వచ్చాడని అఫిడవిట్ ఇస్తే చాలట. తాత వచ్చి డెబ్భై ఏళ్ళు దాటింది. ఎరిగినవాళ్ళంతా పోయారు.

రామబ్రహ్మం స్టూలు లాక్కొని కూర్చున్నాడు. చాలాసేపు మీసం దువ్వుకున్నాడు.

"ఎరిగినోళ్ళు ఉన్నార్లేరా," అన్నాడు ఆఖరుకు. "మీ తాత వచ్చిన బండిలోనే మా నాయన కూడా వచ్చాడు. రెంటచింతల నుంచే."

హబీబుల్లా దుప్పటి తీసి లేచి కూర్చున్నాడు. "మరి పల్నాటి యుద్ధం?"

"యుద్ధమూ లేదు, పాడూ లేదు. వానల్లేక ఊరొదిలారు. బండి మీ తాతది. మాకు బండి కూడా లేదు. మా నాయన ఒంటిమీద పంచెతో ఎక్కాడంట. మా అమ్మ చెప్పింది నాకు."

"అటక మీద కత్తి?"

"కొబ్బరికాయలు కొట్టేదిలే."

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి రామబ్రహ్మం నోటరీ ముందు అదంతా రాయించి సంతకం పెట్టాడు. బండి ఎవరిదో కూడా రాయించాడు. "అదెందుకు బాబాయ్, అక్కర్లేదు," అని హబీబుల్లా అంటే, "రాసేటప్పుడు మొత్తం రాయాలిరా," అని కసిరాడు. అరవై ఐదేళ్ళు మోసిన యుద్ధాన్ని దించేసి ఆయన మెట్లు దిగుతుంటే, హబీబుల్లా వెనక నుంచి చూస్తూ నిలబడిపోయాడు. బజారులో ఇక ఆయన్ని చూసి ఎవరెవరు ఏమని నవ్వుతారో ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాత పనులు ఎంత చకచకా జరిగాయంటే హబీబుల్లాకు భయం వేసింది. అఖిల్ కాగితం చూసి, సంస్థ తరఫున తప్పు ఒప్పుకొని, సవరించిన పేజీ అచ్చుతీసి స్టాంపు వేసి ఇచ్చాడు. ఉష ఆ పేజీని దరఖాస్తుకు జతచేసింది. తహసీల్దారు ఆఫీసు దాకా తానే వెళ్ళి సంతకం పెట్టించుకొచ్చింది. నాలుగూ ముప్పావుకు బీసీ-ఈ సర్టిఫికెట్ కంప్యూటర్లో ఎక్కింది. వారం తిరిగేసరికి గుంటూరులో ఫార్మసీ సీటు వచ్చింది. హబీబుల్లా జేబులోని బీడీ కట్ట తీసి కాలవలో పారేశాడు. జీనత్ అది చూసింది కానీ ఏమీ అనలేదు. ఆమె మౌనానికి అప్పటికి పదకొండో రోజు.

ఆ పదకొండో రోజు సాయంత్రమే ఉష ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, చెప్పలేక చెప్పలేక చెప్పింది. సర్టిఫికెట్‌తో పాటే పెట్టిన మెహ్జబీన్ ఫీజు సాయం దరఖాస్తు తిరస్కరించారు.

"భూమి ఎక్కువైందంట బాబాయ్ గారూ."

"భూమా? మాకు పూలకుండీ కూడా లేదమ్మా!"

ఉష బ్యాగులోంచి సవరించిన పేజీ తీసి చూపించింది. టర్కీ వారి వరుస లేదు. పల్నాటి వీరుల వరుస కూడా లేదు. రెండూ తీసేసి అఖిల్ వాటి స్థానంలో ఒకే వరుస పెట్టాడు: రెంటచింతల మూలం, కుటుంబాలు రెండు. రామబ్రహ్మం ముప్పై ఎకరాలూ హబీబుల్లా సున్నా కలిపి, రెండుతో భాగించాడు. సగటున కుటుంబానికి పదిహేను ఎకరాలు.

"ఈ పేజీ ఫైల్లో ఉండిపోయింది," అంది ఉష. "పైవాళ్ళు అదే చూశారు. పై ఆఫీసుకు అప్పీలు పెట్టుకోవచ్చు. కానీ ఈ ఏడాదికి తేలటం కష్టం."

హబీబుల్లా ఆ కాగితం వంక చూశాడు. కూతురి వంక చూశాడు. చదువు చెప్పించాలంటే ఇక షాపు రాత్రి పదింటిదాకా తెరవాలి. ఆదివారాలు కూడా తెరవాలి. ఎదురింటి అరుగు మీద రామబ్రహ్మం, తన సగం భూమి పోయిన సంగతి తెలియక, తీరిగ్గా విసనకర్ర విసురుకుంటున్నాడు. హబీబుల్లా గుమ్మం మీద కూలబడి తల పట్టుకున్నాడు.

జీనత్ కుట్టుమిషను ఆపి, దారం కొరికి, వాకిట్లోకి వచ్చింది.

"పదిహేను ఎకరాలూ మిర్చే ఎయ్యాలా," అని అడిగింది మొగుణ్ణి, "కాసింత పత్తి కూడా ఎయ్యాలా?"