క్రాఫిష్ ధర దించిన మహానుభావుడు

"ఈ క్షణం నుంచి సెయింట్ ఓడిలో పారిష్‌లో క్రాఫిష్ ధర పెరగదు, తరగదు. నిలబడుతుంది!" అని శాసనసభ్యులు హోనరే ఫ్యూసెలియే గారు చర్చి హాలు మెట్ల మీద ప్రకటించారు. ధర ఎలా నిలబడాలో జనానికి అర్థమయ్యేందుకు తాము కూడా కాసేపు కదలకుండా నిలబడ్డారు. ఆ భంగిమలో ఫొటోలు బాగా వచ్చాయి.

జనం చప్పట్లు కొట్టారు. జిల్లాని పారిష్ అని పిలిచే దక్షిణ లూసియానాలో ఈ మాటకి చప్పట్లు కొట్టనివాడు ఉండడు. గవర్నరు ఎవరో తెలియనివాళ్ళు ఇక్కడ దొరుకుతారు గానీ, బస్తా క్రాఫిష్ ఇవాళ ఎంత పలికిందో తెలియనివాళ్ళు దొరకరు. రొయ్యకి గట్టి పెంకూ కొండీలూ మొలిచి, అది బురదలో కాపురం పెట్టినట్టుండే ఈ జీవి కోసం ఊరు ఊరంతా జనవరి నుంచి ఎదురుచూస్తుంది. పెళ్ళిళ్ళయినా, బాప్తిస్మాలయినా, ఎన్నికల సభలయినా పొయ్యి మీద ఉడికే డేగిసా చుట్టూనే జరుగుతాయి.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఓడలీ గిడ్రో. ఆమెకి హైవే పక్కన క్రాఫిష్ ఉడికించి అమ్మే కొట్టుంది. వాళ్ళమ్మ పెట్టిన కొట్టు అది. స్థలం మాత్రం వేరేవాళ్ళది. కిందటేడు సరుకు సరిగా దొరక్క అద్దె వెనకబడింది. స్థలం యజమాని మర్యాదస్తుడు, అరవలేదు. "గుడ్‌ఫ్రైడే దాకా నేను చూస్తాను మిస్ ఓడలీ. ఆ తర్వాత మా లాయరు చూస్తాడు" అన్నాడంతే.

గుడ్‌ఫ్రైడే దాకా అనడంలో న్యాయం ఉంది. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల తపస్సు కాలంలో శుక్రవారాలు ఇక్కడ ఎవరూ మాంసం ముట్టరు. క్రాఫిష్ మాంసం కాదని చర్చి ఎప్పుడో ఒప్పుకుంది. కాబట్టి ఈ ప్రాంతంలో ఇంద్రియ నిగ్రహం అంటే, ముక్కూ కళ్ళూ ధారగా కారేంత మసాలాతో మనిషికి అయిదేసి పౌన్ల క్రాఫిష్ తినడం. గుడ్‌ఫ్రైడే నాడు ఆ నిగ్రహం పరాకాష్ఠకి చేరుతుంది. ఆ ఒక్కరోజు బేరమే ఓడలీలాంటి వాళ్ళని ఏడాదంతా నిలబెడుతుంది.

హోనరే గారు మాట తప్పే మనిషి కారు. వారంలోపే క్రాఫిష్ ధరల స్థిరీకరణ సంఘం పుట్టింది. దానికి ఆయన అధ్యక్షులు. ఆయన సహాయకుడు బ్లేన్ మూటన్ కార్యదర్శి. మొదటి బహిరంగ విచారణ శుక్రవారం పెట్టారు. శుక్రవారమే ఎందుకని ఎవరో అడిగితే, "ప్రజలకి ధర బాధ ఆ రోజే ఎక్కువ. బాధ ఉన్నప్పుడే వెళ్ళి పలకరించాలి" అని హోనరే గారు గద్గదస్వరంతో చెప్పారు.

విచారణ మధ్యాహ్నం పడింది కాబట్టి వచ్చినవాళ్ళకి భోజనం పెట్టాలి. శుక్రవారం కాబట్టి మాంసం పెట్టకూడదు. క్రాఫిష్ కోసం కూర్చున్న సభలో చేప వడ్డిస్తే క్రాఫిష్‌ని అవమానించినట్టుంటుంది. అందుచేత సంఘం నిధులతో క్రాఫిష్ ఉడికించి, వచ్చినవాళ్ళందరికీ ఉచితంగా పెట్టాలని తీర్మానం చేశారు. తీర్మానాన్ని వ్యతిరేకించినవారు లేరు.

మొదటి సాక్షి యూక్లిడ్ బెర్జెరాన్. వరి కోసిన మళ్ళలో నీళ్ళు నిలిపి క్రాఫిష్ పెంచే ఆసామి. బాప్తిస్మం నాటి నుంచీ ఓడలీకి జ్ఞానతండ్రి కూడాను. ఆమె ఆయన్ని చిన్నప్పటి నుంచీ పరేన్ అని పిలుస్తుంది.

"ధర ఎందుకు పెరిగింది యూక్లిడ్ గారూ?" అని హోనరే గారు అడిగారు.

"కిందటి వేసవిలో వానల్లేవండి. తల్లి క్రాఫిష్ వేసవంతా మట్టిలో బొరియ చేసుకుని గుడ్లతో కూర్చుంటుంది. నేలేమో ఎండి బండరాయి అయిపోయింది. తల్లీ పోయింది, పిల్లలూ పోయాయి."

"అంటే తల్లి క్రాఫిష్ సహకరించలేదంటారు."

"చచ్చిపోయిందంటున్నానండి."

"సహకరించలేదు. రాసుకో బ్లేన్. ఇంకా?"

"మిగిలిన నాలుగూ చలికి ముడుచుకుని కూర్చుంటాయి. ఎరకి రావు, పెరగవు. మళ్ళు వేడెక్కాక, ఏప్రిల్ చివర్నుంచీ తండోపతండాలుగా వస్తాయి. అప్పటికి ఈస్టర్ అయిపోతుంది, జనానికి మొహం మొత్తుతుంది, పెంకు గట్టిపడుతుంది. కొనేవాడుండడు. ధర పడిపోతుంది. మా తాతల నాటి నుంచీ ఇంతేనండి."

"మీ తాతల నాడు ఈ సంఘం ఉందా?"

"లేదండి."

"అదీ సంగతి!" అని హోనరే గారు బల్ల గుద్దారు. హాలంతా చప్పట్లతో మోగింది. బల్ల మీదున్న క్రాఫిష్ కొన్ని దొర్లి కిందపడితే ముందు వరసవాళ్ళు ఏరుకున్నారు.

ఆ విచారణకి బస్తాలు సరఫరా చేసింది యూక్లిడే. సంఘం ఆయనతో బేరమాడలేదు. ప్రజల సొమ్ముతో బేరమాడడం ప్రజల్ని కించపరచడమని బ్లేన్ అభిప్రాయం. అడిగినంతా ఇచ్చేశాడు. ఆ సంగతి మిగతా రైతులకి తెలిసేసరికి ధర ఒక మెట్టెక్కింది.

ధర పెరిగిందని తెలిసి హోనరే గారు చలించిపోయారు. పైవారం అత్యవసర విచారణ పెట్టారు. అదీ శుక్రవారమే. ఉచిత భోజనం కబురు అప్పటికే పక్క పారిష్‌లకి పాకింది కాబట్టి జనం రెట్టింపు వచ్చారు, బస్తాలు రెట్టింపు కొన్నారు, ధర మళ్ళీ పెరిగింది. ఆ పై శుక్రవారం ఇంకా పెద్ద విచారణ పెట్టారు. ధర ఎందుకు పెరుగుతోందో సంఘానికి అంతుబట్టడం లేదని హోనరే గారు నిజాయితీగా ఒప్పుకున్నారు. ఒప్పుకుంటున్నప్పుడు ఆయన చేతులు మోచేతుల దాకా మసాలాతో ఎర్రగా ఉన్నాయి.

ఓడలీ కొట్టుకి శుక్రవారాలు మనుషులు తగ్గిపోయారు. ఉత్తినే పెట్టేచోట తినొచ్చి, ఆమె కొట్టు ముందు కారాపి, చేతులు కడుక్కోవడానికి నిమ్మకాయ ముక్క అడిగేవాళ్ళు. ఆమె ఇచ్చేది. ఇచ్చి లోపలికెళ్ళి గరిటె విసిరికొట్టేది.

గుడ్‌ఫ్రైడే దగ్గర పడుతుండగా బ్లేన్ ఆమె కొట్టుకి ఒక పెద్ద బోర్డు తీసుకొచ్చాడు. బోర్డు నిండా హోనరే గారు నవ్వుతున్నారు. కింద 'న్యాయమైన ధర' అనీ, ఆ పక్కన జనవరికి ముందెప్పుడో ఉన్న ధరా రాసి ఉన్నాయి.

"మీ కొట్టుని ఆదర్శ కొట్టుగా ఎంపిక చేశాం మిస్ ఓడలీ! ఇకనుంచి మీరు ఈ ధరకే అమ్మాలి."

"నేను కొనేదే దీనికి రెట్టింపు పెట్టి కొంటున్నాను కదయ్యా!"

"అందులోనే ఉంది ఆదర్శం. లాభానికైతే ఎవడైనా అమ్ముతాడు."

"నాకొద్దీ ఆదర్శం. పట్టుకుపో."

"తప్పకుండా. మీ ఇష్టం మీది, బలవంతం లేదు. వద్దన్న కొట్లకి ఆరోగ్య తనిఖీ వస్తుంది. వాళ్ళ మీదా ఎవరి బలవంతమూ లేదు, వాళ్ళిష్టం కొద్దీ వస్తారు."

ఓడలీ బోర్డు పెట్టించుకుంది. ఆ రాత్రి లెక్క వేసుకుంటే ఒకటే దారి కనిపించింది. ఆ ధరకే అయినా, గుడ్‌ఫ్రైడే నాడు డేగిసాలు దించకుండా అమ్మగలిగితే మొక్కజొన్న, దుంపలు, చల్లటి బీరు మీద మిగిలేదాంతో అద్దె బాకీ తీరిపోతుంది. అయితే దానికి క్రాఫిష్ ఉండాలి. ఆమె తిన్నగా యూక్లిడ్ దగ్గరికెళ్ళి, గుడ్‌ఫ్రైడేకి బస్తాలు తనకే ఇవ్వాలని మాట తీసుకుంది. "నిన్ను జ్ఞానస్నానం తొట్టి దగ్గర ఎత్తుకున్నది నేనే కదే. నీకు కాక ఎవరికిస్తాను?" అన్నాడాయన. అంటుంటే ఆయన కళ్ళు చెమర్చాయి కూడా.

ఈలోగా సంఘం అసలు దోషిని పట్టేసింది. దోషి క్యాలెండరు. క్రాఫిష్ లేనప్పుడు గుడ్‌ఫ్రైడే వస్తోంది, క్రాఫిష్ ఉన్నప్పుడు గుడ్‌ఫ్రైడే ఉండడం లేదు. హోనరే గారు ప్రతినిధి బృందంతో ఫాదర్ ప్లాసిడ్ ఇంటికి వెళ్ళారు.

"ఫాదర్, గుడ్‌ఫ్రైడేని ఒక్క నెల వాయిదా వెయ్యగలరా? ప్రజల కోరిక."

ఫాదర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పైవాళ్ళని అడగాలి నాయనా."

"బిషప్పు గారినా?"

"ఇంకా పైన."

"రోమ్‌లోనా? మాకు తెలిసినవాళ్ళున్నారు ఫాదర్."

"ఇంకా పైన" అన్నారు ఫాదర్.

బయటికొచ్చాక హోనరే గారు విలేఖరులతో, చర్చలు ఫలప్రదంగా జరిగాయనీ, విషయం అత్యున్నత స్థాయి పరిశీలనలో ఉందనీ చెప్పారు.

గుడ్‌ఫ్రైడే మామూలుగా, తన రోజునే వచ్చింది. ఓడలీ పొద్దున్నే ట్రక్కేసుకుని యూక్లిడ్ మడి దగ్గరికి వెళ్ళింది. గట్టు మీద క్రాఫిష్ పట్టే తీగ బుట్టలు బోర్లించి ఉన్నాయి. బస్తా ఒక్కటీ లేదు.

"పరేన్, నా సరుకేది?"

"షా," అన్నాడు యూక్లిడ్. ఇక్కడ ముద్దొస్తే ఎవరినైనా అలాగే పిలుస్తారు, తప్పు చేసినప్పుడు మరీను. "సంఘం వాళ్ళు ముందే వచ్చి పట్టుకుపోయారు. ఇవాళ చర్చి హాలు దగ్గర ప్రజా కృతజ్ఞతా భోజనమట."

"నాకిస్తానని మాటిచ్చావు కదా!"

"ఇచ్చాను. కాదన్నానా? మాట నీకిచ్చాను, బస్తాలు వాళ్ళకిచ్చాను."

"ఇంకెవరి దగ్గరైనా ఉన్నాయా?"

"ఉన్నవాళ్ళవి హ్యూస్టన్ ట్రక్కులెక్కాయి. నీ బోర్డు మీది ధరకి ఇక్కడెవడు దింపుతాడే?"

"నా కొట్టు పోతుంది పరేన్."

యూక్లిడ్‌కి నిజంగానే సిగ్గేసింది. కొత్తగా కొన్న ట్రక్కు అద్దం తుడుస్తూ చాలాసేపు సిగ్గుపడ్డాడు. "వచ్చే నెల రా షా. బుట్టలు పట్టనన్ని వస్తాయి. ఉత్తినే ఇస్తాను, ఎన్ని కావాలంటే అన్ని."

"వచ్చే నెల వాటిని ఎక్కడ ఉడకబెట్టను? నీ నెత్తి మీదా?" అని ఓడలీ ట్రక్కు తలుపు ధడాలున వేసుకుని వచ్చేసింది. దారంతా ఏడ్చింది.

కొట్టు దగ్గర బ్లేన్, టీవీ వాళ్ళు కాచుకుని ఉన్నారు. ఆదర్శ కొట్టుని ప్రత్యక్ష ప్రసారంలో చూపించాలట. పొయ్యిలు ఆరిపోయి ఉంటే బాగుండదని బ్లేనే వెలిగించాడు. డేగిసాల్లో నీళ్ళు, ఉప్పు, మసాలా, మొక్కజొన్న కండెలు, బంగాళాదుంపలు కుతకుతా ఉడికాయి. ఆవిరి అద్భుతంగా వచ్చింది.

"ఇవాళ ఇక్కడ క్రాఫిష్ ధరెంతండీ?" అని టీవీ అమ్మాయి అడిగింది.

"బోర్డు మీద ఉన్నంతే."

"గుడ్‌ఫ్రైడే నాడు కూడా పెంచలేదా! అయితే ఒక ప్లేటివ్వండి."

"క్రాఫిష్ లేదు."

బ్లేన్ మధ్యలోకి వచ్చేశాడు. "గమనించండి. పారిష్ మొత్తంలో ఈ కొట్లో ధర అంగుళం కూడా కదల్లేదు. ఇది చరిత్ర." వచ్చినవాళ్ళు ఆ చరిత్రని తొంగిచూసి, దుంపలు చూసి, కార్లు తిప్పుకుని చర్చి హాలు వైపు వెళ్ళిపోయారు. అక్కడ హోనరే గారు స్వయంగా వడ్డిస్తున్నారు. ఆ రోజు చీకటి పడేదాకా ఓడలీ నీళ్ళు ఉడికించింది. ఒళ్ళు మండిపోయింది ఆమెకి, ఎవరిని తిట్టాలో తెలియక డేగిసాని తిట్టింది.

ఈస్టర్ వెళ్ళిన వారంలో స్థలం యజమాని లాయరు చూశాడు. కొట్టుకి తాళం పడింది. డేగిసాలు, పొయ్యిలు, బల్లలు బాకీ కింద స్థలంతో పాటే ఉండిపోయాయి.

తర్వాత ఎండలు ముదిరాయి. మళ్ళు వేడెక్కాయి. క్రాఫిష్ తండోపతండాలుగా వచ్చింది. తినేవాళ్ళు పీతల మీదికి మళ్ళారు. ధర దబ్బున కిందపడింది. హోనరే గారు ఊరేగింపుగా వచ్చి చర్చి హాలు మెట్ల మీద విజయోత్సవం జరిపారు. "ఇచ్చిన మాట ప్రకారం ధర దించాం!" అన్నారు. నిలబెడతానన్నది ఎవరికీ గుర్తు రాలేదు. యూక్లిడ్ మాత్రం గుంపులోంచి, "కూలి కూడా గిట్టడం లేదండీ, కాస్త పెంచండి" అని అరిచాడు. హోనరే గారు ఆయన బాధని కూడా గుర్తించారు. సంఘాన్ని శాశ్వతం చేస్తున్నామనీ, ఇకమీదట దించడానికొక విభాగం, పెంచడానికొక విభాగం ఉంటాయనీ అక్కడికక్కడే ప్రకటించారు.

శాశ్వత సంఘానికి శాశ్వత కార్యాలయం కావాలి. హైవే పక్కన, పొయ్యిలతో సహా, చవగ్గా ఒకటి దొరికింది.

ప్రారంభోత్సవం రోజు బ్లేన్ ఓడలీకి ఫోన్ చేశాడు. "మిస్ ఓడలీ, వంటవాడు క్రాఫిష్‌ని పిండి చేసి పారేశాడు. జనం వచ్చేస్తున్నారు. ఒక్క పూట వచ్చి ఉడకబెట్టి పెట్టండి, డబ్బిస్తాం." ఆమెకి అప్పటికి వేరే పని ఏదీ లేదు. వచ్చింది. తన డేగిసాలో, తన పొయ్యి మీద, తన గరిటెతో యూక్లిడ్ క్రాఫిష్‌ని ఉడికించింది. ఎప్పట్లాగే మెత్తగా, కారంగా, పెంకు చేత్తో తీస్తే ఊడొచ్చేలా కుదిరింది.

హోనరే గారు ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు. "అబ్బ! ఇంతకు ముందు ఇక్కడ ఏముండేది బ్లేన్?"

"ఏదో కొట్టండి. ధరల హెచ్చుతగ్గులకి తట్టుకోలేక మూతపడింది."

"పాపం. మనం కాస్త ముందు వచ్చి ఉంటే కాపాడేవాళ్ళం." ఆయన నిజంగానే బాధపడ్డారు. తర్వాత ఓడలీ వైపు తిరిగి, "మీ పేరేమిటమ్మా?" అని అడిగి, ఆమె జవాబు చెప్పేలోగానే మైకు అందుకున్నారు. "ఈ సంఘం ధర దించడమే కాదు, ఉపాధి కూడా కల్పించింది. ఇదిగో, చూడండి!" అని ఆమె భుజం మీద చెయ్యి వేశారు. కెమెరాలు మెరిశాయి.

"ఎంతమందికండీ?" అని ఒక విలేఖరి అడిగాడు.

హోనరే గారు బ్లేన్ వైపు చూశారు. బ్లేన్ ఓడలీ వైపు చూశాడు.

"ప్రస్తుతానికి ఒకరికి, సాయంత్రం దాకా" అన్నాడు.